మిద్దె మీది మూడు కిలోవాట్లు: తిరుపతిలో ఇంటి సోలార్ ఎలా పనిచేస్తోంది?

తిరుపతి ఎమ్మార్‌పల్లిలోని మా ఇంటి మిద్దె మీద మూడు కిలోవాట్ల సోలార్ పెట్టించి ఏడాది దాటింది. రోహిణి కార్తె ఎండలనూ, కార్తీకమాసపు ముసురునూ, ధనుర్మాసపు పొగమంచునూ అది చూసింది కనుక దాని మంచిచెడ్డలు రాయడానికి ఇది తగిన సమయమనిపించింది. నా అభిప్రాయం ముందే చెబుతాను. ప్యానెళ్లు, వాటి కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్, లైన్‌లోకి పంపినదాన్నీ లైన్ నుంచి తీసుకున్నదాన్నీ లెక్కగట్టే నెట్ మీటర్ కలిసిన ఈ ఏర్పాటు మాట నిలబెట్టుకుంది. సొంత మిద్దె ఉండి, నెలకు రెండు వందల యూనిట్లకు పైగా కాల్చే ఏ ఇంటికైనా దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. బిగించిన సంస్థ పనితనం గురించి మాత్రం అంత గట్టిగా చెప్పలేను. ఆ సంగతి కింద వివరంగా రాశాను. మన రాజకీయ నాయకులు కరెంటు గురించి గంటల తరబడి మాట్లాడుతూ కూడా ఈ మిద్దెల సంగతి ఎందుకు ఎత్తరన్నది నన్ను చాలాకాలంగా బాధిస్తున్న ప్రశ్న. వస్తువు సమీక్షలో దానికి చోటెందుకని కొందరికి అనిపించవచ్చు. కానీ ఈ వస్తువు ఎంత ధరకు, ఎంత త్వరగా, ఏ షరతులతో మన ఇంటికి వస్తుందన్నది ఆ చర్చల్లోనే తేలుతుంది కాబట్టి దాన్ని విడిచి రాయడం కుదరదు.

మాది ఆరు ప్యానెళ్ల ఏర్పాటు. ఒక్కొక్కటి 540 వాట్లు. కేంద్ర సబ్సిడీ కావాలంటే, లోపల ఎండను కరెంటుగా మార్చే సెల్స్‌తో సహా మన దేశంలోనే తయారైన ప్యానెళ్లు వాడాలి; వీటినే వ్యాపారులు డీసీఆర్ ప్యానెళ్లంటారు. దిగుమతి సెల్స్‌తో చేసినవి కొంత చవకగా దొరుకుతాయి గానీ వాటికి సబ్సిడీ రాదు కనుక, కొటేషన్‌లో డీసీఆర్ అన్న మాట స్పష్టంగా ఉందో లేదో చూసుకోవాలి. తిరుపతి దాదాపు పదమూడున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి ప్యానెళ్లను దక్షిణ ముఖంగా ఇంచుమించు అదే వాలుతో నిలబెడతారు. శేషాచలం కొండలు ఊరికి ఉత్తరాన ఉండడం వల్ల కొండ నీడ అన్న సమస్యే మనకు లేదు. ఇబ్బంది పెట్టే నీడలన్నీ మనం కట్టుకున్నవే.

వాటిలో ముఖ్యమైనది నీళ్ల ట్యాంకు. వాస్తు ప్రకారం బరువు నైరుతిలో ఉండాలని మన వైపు దాదాపు ప్రతి ఇంట్లోనూ ట్యాంకును ఆ మూలనే కడతారు. చలికాలపు సాయంత్రం ఎండ వచ్చేది సరిగ్గా ఆ మూల నుంచే. డిసెంబరులో మధ్యాహ్నం మూడున్నర దాటాక మా ట్యాంకు నీడ చివరి ప్యానెల్ మూల మీదికి పాకుతుంది. ప్యానెళ్లన్నీ ఒకే తీగ మీద వరుసగా కలిసి ఉంటాయి కాబట్టి ఒకదాని మీద పడిన నీడ మిగతా వాటి ఉత్పత్తిని కూడా కిందికి లాగగలదు. ప్యానెల్ లోపల ఉండే బైపాస్ డయోడ్లు ఈ నష్టాన్ని కొంత తగ్గిస్తాయి తప్ప పూర్తిగా ఆపలేవు. సర్వేకు వచ్చిన మనిషి ఎండాకాలంలో వచ్చి, నడినెత్తిన సూర్యుడు ఉన్నప్పుడు మిద్దెను చూసి, నీడ లేదని రాసుకుపోతే సరిపోదు. డిసెంబరు సాయంత్రం నీడ ఎక్కడిదాకా వస్తుందో అడిగి చెప్పించుకోవాలి.

ప్యానెళ్లను ఎంత ఎత్తున నిలబెట్టాలన్నది ఇంట్లో ఆడవాళ్లను అడిగి తేల్చుకోవలసిన విషయం. మిద్దె అంటే మనకు వట్టి పైకప్పు కాదు. వేసవిలో వడియాలు, ఊరుమిరపకాయలు, చింతపండు ఎండబెట్టుకునేదీ, రోజూ బట్టలు ఆరేసుకునేదీ అక్కడే. సంస్థ వాళ్లు మొదట మోకాలెత్తు చట్రం చూపించారు. అలా పెడితే ఇనుము ఖర్చు తగ్గుతుంది, గాలి తాకిడీ తక్కువే. కానీ దాదాపు మూడు వందల చదరపు అడుగుల చోటు ఎందుకూ పనికిరాకుండా పోతుంది. ఏడడుగుల ఎత్తు చట్రానికి అదనంగా డబ్బు కట్టి పెట్టించుకున్నాం. ఇప్పుడు దాని కింద బట్టలు ఆరతాయి, పక్కన వడియాలు ఎండుతాయి, కింది గదికి వేసవి వేడి కూడా కొంత తగ్గింది.

ఇక డబ్బు లెక్క. మేము పెట్టించిన నాటికి మొత్తం ఖర్చు రెండు లక్షల దరిదాపుల్లో అయింది. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ప్రారంభించిన పీఎం సూర్యఘర్ పథకం కింద మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 చొప్పున, మూడో కిలోవాటుకు 18,000, వెరసి 78,000 రూపాయల సబ్సిడీ బ్యాంకు ఖాతాలో పడింది. సబ్సిడీ తర్వాతే వస్తుంది, ముందు పూర్తి సొమ్ము మనం సర్దుకోవాలి. అందుకు ఈ పథకం కింద బ్యాంకులు పూచీకత్తు లేకుండా తక్కువ వడ్డీకి అప్పిస్తున్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ పరికరాల మీద జీఎస్టీని 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు కనుక ఇప్పుడు పెట్టించుకునేవారికి ఆ మేరకు కలిసిరావాలి. కొటేషన్‌లో పాత పన్నే వేసి ఉంటే ఒప్పుకోవద్దు.

మిగులు ఎక్కడ వస్తుందో తెలియాలంటే మన బిల్లులోని శ్లాబులు చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్ల కరెంటుకు మొదటి 30 యూనిట్లకు రూ.1.90, అక్కడి నుంచి 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6, 400 దాకా రూ.8.75, ఆపైన రూ.9.75 చొప్పున ధర కడతారు. ఏసీ, గీజరు, బోరు మోటారు ఉన్న ఇంట్లో నెలకు 400 యూనిట్లు కాలితే ఈ లెక్కన యూనిట్ల చార్జీయే 2,548 రూపాయలవుతుంది. మిద్దె నుంచి 340 యూనిట్లు వస్తే నికరంగా మిగిలిన 60 యూనిట్లకు అదే చార్జీ 147 రూపాయలు. అంటే సోలార్ ముందుగా పై శ్లాబుల్లోని ఖరీదైన యూనిట్లను కోసేస్తుంది. మన ప్యానెల్ చేసిన ఒక్కో యూనిట్ విలువ సగటున ఏడు రూపాయలు పలుకుతుంది. ఇలాంటి ఇంటికి పెట్టుబడి నాలుగైదేళ్లలో తిరిగి వస్తుంది. నెలకు 120 యూనిట్లు కాల్చే చిన్న ఇంటి సంగతి వేరు. వారి యూనిట్ల చార్జీయే నాలుగు వందల లోపు కాబట్టి ఒక కిలోవాటు పెట్టినా పెట్టుబడి రావడానికి ఎనిమిదేళ్లో, ఆపైనో పడుతుంది. అందరికీ లాభమేనని చెప్పే వ్యాపారులు ఈ తేడా చెప్పరు.

ఎండ ఎంత మండితే కరెంటు అంత ఎక్కువ వస్తుందని చాలామంది అనుకుంటారు. ప్యానెల్‌కు కావలసింది వెలుతురు. వేడి దానికి శత్రువు. ప్యానెల్ మీద రాసి ఉన్న వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. అంతకు మించిన ప్రతి డిగ్రీకి శాతంలో మూడో వంతు మేర ఉత్పత్తి తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం మన ఊళ్లో ప్యానెల్ అరవై డిగ్రీలు సులభంగా దాటుతుంది కనుక పదో వంతుకు పైగా అక్కడే పోతుంది. మా ఇన్వర్టర్ తెర మీద మంచి అంకెలు కనిపించినవి మాఘ, ఫాల్గుణ మాసాల్లో, ఆకాశం తేటగా ఉండి గాలి చల్లగా వీచినప్పుడు. అప్పుడు రోజుకు పధ్నాలుగు యూనిట్ల దాకా వచ్చింది. తిరుపతి జిల్లాకు అసలైన వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. వాయుగుండం పట్టిన రోజుల్లో నాలుగు యూనిట్లు కూడా కష్టమే. ఏడాది మొత్తం మీద చూస్తే కిలోవాటుకు రోజుకు నాలుగు యూనిట్లన్న లెక్క దాదాపు సరిపోయింది. మంచి నెలల్లో మిగిలిన యూనిట్లు బిల్లులో జమగా ఉండి తర్వాత సర్దుబాటు కావడం వల్ల వానాకాలపు తరుగు మమ్మల్ని పెద్దగా బాధించలేదు.

శుభ్రత గురించి ఒక్క మాట. మన బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. ఆ నీళ్లు చల్లి వదిలేస్తే అద్దం మీద తెల్లటి చారలు గట్టిపడి, దుమ్ముకంటే ఎక్కువ వెలుతురును ఆపుతాయి. వాననీళ్లు పట్టి ఉంచుకోవాలి, లేదా కడిగిన వెంటనే మెత్తటి గుడ్డ చుట్టిన కర్రతో తడి తుడిచేయాలి. పొద్దు పొడవక ముందే కడగాలి; కాలిపోతున్న అద్దం మీద చన్నీళ్లు పోయకూడదు.

పక్కింటి పెద్దాయన మిద్దె మీదికొచ్చి చూసి వేసిన మొదటి ప్రశ్న, "ఏం సార్, ఇంత ఖర్చు పెట్టినారు గదా, కరెంటు పోతే మీకూ పోతాదా?" అని. పోతుంది. లైన్‌తో కలిపిన సోలార్‌లో లైన్‌లో సరఫరా ఆగిన క్షణమే ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మన్‌కు మన మిద్దె నుంచి వెళ్లే కరెంటు తగలకూడదన్నదే దీనికి కారణం, అది చాలా న్యాయమైన కారణం. కరెంటు పోయినా నడవాలంటే బ్యాటరీ, దానికి తగిన హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలి. ఖర్చు బాగా పెరుగుతుంది. తిరుపతి పట్టణంలో సరఫరా అంత తరచుగా పోదు కాబట్టి మాకు అవసరం పడలేదు. పల్లెల్లో ఉండేవారు మొదటే హైబ్రిడ్ ఇన్వర్టర్ తీసుకుని, బ్యాటరీ తర్వాత కలుపుకోవడం మేలు.

బిగించిన సంస్థ గురించి ఇప్పుడు చెబుతాను. సామాను నాణ్యమైనదే ఇచ్చారు, దరఖాస్తు పనులన్నీ వాళ్లే చూసుకున్నారు. కానీ చట్రం కాళ్లను నేరుగా స్లాబులోకి రంధ్రాలు వేసి బోల్టులతో బిగించారు. కాంక్రీటు దిమ్మెలు పోసి వాటి మీద నిలబెట్టాలని నేను అడిగితే, ఆలస్యమవుతుందని, రంధ్రాల చుట్టూ రసాయనం పోస్తామని నచ్చజెప్పారు. నవంబరు వానలు పడినప్పుడు ముందుగది పైకప్పున చెమ్మ గుండ్రటి మచ్చగా దిగింది. అది వచ్చి సరిచేయడానికి వాళ్లకు సంక్రాంతి దాటింది. రెండోది ఎర్తింగ్. ప్యానెళ్ల వైపు ఒకటి, ఇంటి సరఫరా వైపు ఒకటి, పిడుగు నిరోధకానికి ఒకటి, మొత్తం మూడు వేర్వేరు గుంతలు తీయాలి. మా ఇంట్లో రెండే తీసి, పిడుగు తీగను ప్యానెళ్ల ఎర్త్‌కే కలిపేశారు. మీటర్ బిగించే ముందు తనిఖీకి వచ్చిన ఉద్యోగి గమనించి చెప్పబట్టి మూడో గుంత తీయించగలిగాం. పిడుగుల వానలు పడే మన ప్రాంతంలో ఈ పొదుపు ప్రాణాల మీదికి తెచ్చేది. ఈ పథకం కింద ఐదేళ్ల నిర్వహణ బాధ్యత బిగించిన వారిదే. ఆ మాట ఒప్పంద పత్రంలో రాయించుకోకుండా చివరి వాయిదా చెల్లించవద్దు.

ఈ లోపాలు మనుషుల పనితనంలోనివి, పరికరంలోనివి కావు. అందుకే, ఇంత నమ్మకంగా పనిచేసే పరికరం మన రాజకీయ చర్చలో ఎక్కడుందని వెతికితే బాధ కలుగుతుంది.

తెలుగువారి రాజకీయాల్లో కరెంటుకు ఉన్నంత చరిత్ర మరే సరుకుకూ లేదు. చార్జీల పెంపుకు వ్యతిరేకంగా సాగిన ఆందోళన 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో కాల్పుల దాకా వెళ్లింది. 2004లో రైతులకు ఉచిత విద్యుత్ హామీ ప్రభుత్వాన్నే మార్చిన అంశాల్లో ఒకటైంది. 2019లో పాత సౌర, పవన విద్యుత్ ఒప్పందాల సమీక్ష మీద, 2021లో కేంద్ర సౌరవిద్యుత్ సంస్థ సెకీ ద్వారా యూనిట్ రూ.2.49 చొప్పున 7,000 మెగావాట్లు కొనాలన్న ఒప్పందం మీద నేటికీ పార్టీలు ఒకరినొకరు నిలదీసుకుంటున్నాయి. సర్దుబాటు చార్జీలు పెరిగిన ప్రతిసారీ ఎవరి హయాంలో ఎవరు ఎంత మోపారన్న వాదన మొదలవుతుంది. ఇవన్నీ అవసరమైన చర్చలే. కానీ వీటన్నింటిలోనూ కరెంటు అంటే ప్రభుత్వం ఎక్కడో కొని, ప్రజలకు ఇంత ధరకనో, ఉచితంగానో ఇచ్చేది. ఇల్లు తనకు కావలసింది తానే చేసుకోగలదన్న ఆలోచన వాదనలో ఏ పక్షానికీ పనికిరాదు కనుక ఏ పక్షమూ దాన్ని ఎత్తుకోదు. ఉచితమన్న పేరు ఒకరికి దక్కుతుంది, ఒప్పందంలో అవినీతి పట్టామన్న పేరు మరొకరికి దక్కుతుంది; మిద్దె మీది కరెంటు వల్ల ఏ నాయకుడికీ చెప్పుకోదగిన పేరు రాదని వారు భావిస్తున్నారన్నది నా అంచనా.

2022 ఏప్రిల్‌లో రాష్ట్రంలో విద్యుత్ కొరత వచ్చి పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించవలసి వచ్చింది. ఎండ దండిగా కాసే నెలలోనే కొరత వచ్చింది. ఆ రోజుల్లో బొగ్గు నిల్వల గురించి, బయటి మార్కెట్ ధరల గురించి వచ్చిన ప్రకటనల్లో, ఊళ్లలో ఖాళీగా ఎండుతున్న లక్షల మిద్దెల ప్రస్తావన నాకు కనబడలేదు. మన దగ్గర బొగ్గు తవ్వే గనులు లేవు. నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలోని థర్మల్ కేంద్రానికీ, కడప జిల్లా ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రానికీ బొగ్గు దూరం నుంచి రావలసిందే.

దేశం సంగతి చూసినా ఇదే తీరు. 2010లో మొదలైన జాతీయ సౌర మిషన్ 2022 నాటికి 20,000 మెగావాట్లు అనుకుంది. 2015లో ఆ లక్ష్యాన్ని లక్ష మెగావాట్లకు పెంచి, అందులో 40,000 మెగావాట్లు మిద్దెల మీద రావాలన్నారు. దేశం లక్ష మెగావాట్ల మైలురాయిని 2025 జనవరిలో దాటింది. మిద్దెల వాటా మాత్రం 2022 గడువుకు సగం కూడా అందలేదు. కర్నూలు జిల్లా ఓర్వకల్లు దగ్గరి 1,000 మెగావాట్ల పార్కు లాంటివి వేగంగా లేచాయి, ఎందుకంటే వాటికి కొద్దిమంది కొనుగోలుదారులు, కొద్దిమంది అమ్మకందారులు, కొన్ని ఒప్పందాలు చాలు. మిద్దెలకు కావలసింది లక్షల చిన్న దరఖాస్తుల పట్ల ఓపిక. సౌరశక్తి రాజకీయ ఇష్టాయిష్టాలకు బలికావడం మన దగ్గరే జరిగిందని కాదు. అమెరికాలో 1979లో అప్పటి అధ్యక్షుడు కార్టర్ తన అధికార భవనం పైకప్పు మీద నీళ్లు కాచే సోలార్ ప్యానెళ్లు పెట్టిస్తే, ఆయన తర్వాతి అధ్యక్షుడు రీగన్ హయాంలో 1986లో వాటిని దించేశారు.

తిరుపతి వాసులకు ఈ విద్య కొత్త కూడా కాదు. తిరుమలలో అన్నప్రసాదం వండడానికి 2002లోనే 106 పెద్ద గిన్నెల వంటి అద్దాలతో ఎండను పట్టి ఆవిరి తయారుచేసే ఏర్పాటు పెట్టారు. రోజుకు పదిహేను వేల మందికి వంట చేసే సామర్థ్యంతో అది అప్పట్లో ప్రపంచంలోనే అతి పెద్దదిగా పేరు పొందింది. పైగా దక్షిణాది జిల్లాలకు కరెంటు పంచే ఏపీఎస్పీడీసీఎల్ ప్రధాన కార్యాలయం మన ఊళ్లోనే ఉంది.

ఈ మధ్య పరిస్థితి కొంత మారుతోందని ఒప్పుకోవాలి. పది కిలోవాట్ల లోపు సోలార్‌కు సాంకేతిక పరిశీలన పేరుతో దరఖాస్తును ఆపే పద్ధతి పోయింది. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు రెండు కిలోవాట్ల వరకు ఉచితంగా, బీసీలకు కేంద్ర సబ్సిడీ పైన మరో 20,000 రూపాయల సాయంతో ఏర్పాటు చేస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. చిన్న బిల్లుల ఇళ్లకు పెట్టుబడి ఆలస్యంగా వస్తుందని పైన రాశాను. ఆ ఇళ్లకే సాయం ఎక్కువ అందడం సరైన దారి. ఇది ప్రకటనగా మిగలకుండా వీధి వీధినా జరుగుతోందో లేదో ప్రతిపక్షమూ, అధికారపక్షమూ శాసనసభలో లెక్కలు పెట్టి వాదించుకోవాలని కోరుకుంటున్నాను.

సోలార్ ఒక్కటే అన్నింటికీ సమాధానమని నేను అనడం లేదు. సాయంత్రం ఆరు నుంచి పది దాకా, వాడకం బాగా పెరిగే వేళకు, నా ప్యానెళ్లు ఏమీ ఇవ్వవు. ఆ వేళ నేనూ బొగ్గు కరెంటే వాడుకుంటున్నాను. అందుకే బోరు మోటారు, వాషింగ్ మెషిన్, గ్రైండరు పగలే నడిపే అలవాటు చేసుకున్నాం. అద్దె ఇళ్లలో ఉండేవారికి, అపార్ట్‌మెంట్లలో ఉండేవారికి మిద్దె మీద సొంతంగా హక్కు ఉండదు. తిరుపతిలో ఉద్యోగాల కోసం, చదువుల కోసం వచ్చి అద్దెకుండే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఒకచోట ఉత్పత్తి చేసిన యూనిట్లను మరొకచోటి బిల్లులో జమ చేసే వర్చువల్ నెట్ మీటరింగ్ వారికి సులభంగా అందితే తప్ప ఈ సమీక్ష వారికి ఉపయోగపడదు.

పుత్తూరులో ఉన్న మా అక్క ఇప్పుడు రెండు కిలోవాట్లు పెట్టించుకోవాలని చూస్తోంది. ఆమెకు నేను చెప్పినవి ఇవి: వారి కొత్త ట్యాంకు ఇంకా కట్టలేదు కాబట్టి ముందు ప్యానెళ్ల చోటు తేల్చుకుని, డిసెంబరు నీడ వాటి మీద పడనంత దూరంలో ట్యాంకు కట్టించుకోవాలి. స్లాబుకు రంధ్రాలు వేయనివ్వకుండా దిమ్మెల మీదే చట్రం నిలబెట్టించాలి. మూడు ఎర్త్ గుంతలూ తవ్వేటప్పుడు దగ్గరుండి చూసుకోవాలి. వాళ్ల వీధిలో కరెంటు తరచుగా పోతుంది కనుక ఖర్చు కొంత పెరిగినా హైబ్రిడ్ ఇన్వర్టరే తీసుకోవాలి.